నాలుగు చీటీలు, ఒకే పేరు: 72 గంటల కరెంటు కోత మీద ఒక కేస్ స్టడీ

చీటీల ఆలోచన ముందుగా వేసుకున్నది కాదు. 72 గంటలు కరెంటు పోయిందనుకుని, ఎవరేం చేస్తారో బల్ల చుట్టూ కూర్చుని చూసుకునే అభ్యాసం (టేబుల్‌టాప్ ఎక్సర్‌సైజ్) మొదలై రెండున్నర గంటలైంది. స్క్రీన్ మీద "కరెంటు పోయి 9 గంటలు" అని ఉంది. ఆసుపత్రి, టెలికాం, మంచినీటి విభాగం, బ్యాంకులకు సర్వీసులిచ్చే డేటా సెంటర్ వాళ్ళను వరసగా అడుగుతూ వస్తున్నాను: జనరేటర్లో డీజిల్ అయిపోవస్తే ఏం చేస్తారని. అందరిదీ ఒకటే జవాబు. "కాంట్రాక్టు ఉంది మేడమ్. ఫోన్ చేస్తే ఆరు గంటల్లో ట్యాంకర్ వస్తుంది." నాలుగోసారి కూడా అదే ఆరు గంటలు వినేసరికి అనుమానం వచ్చింది. తలా ఒక కాగితం ముక్క ఇచ్చి, సప్లయర్ పేరు రాసి మడిచి ఇమ్మన్నాను. విప్పి చూస్తే నాలుగింట్లోనూ ఒకే పేరు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనక వరసలో ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో గదిలో బిగువు సడలింది, అసలు పని అప్పుడు మొదలైంది.

ఈ ఎక్సర్‌సైజ్ ఎక్కడ జరిగిందో రాయను. పాల్గొన్నవాళ్ళకు ఆ మాట ఇచ్చాను. ఒక నగరం, దాని చుట్టుపక్కల ప్రాంతం అనుకోండి. ఇదే తీరు ఇంకో రెండు మూడు చోట్ల కూడా చూశాను కాబట్టి పేరు లేకపోయినా పోయేదేమీ లేదు.

ఎక్సర్‌సైజ్ నడపడానికి మమ్మల్ని పిలిచేనాటికే వాళ్ళ దగ్గర 140 పేజీల విపత్తు ప్రణాళిక ఉంది. బాగానే రాశారు, బైండింగ్ కూడా బాగుంది. "సంబంధిత శాఖలన్నీ సమన్వయంతో తగు చర్యలు తీసుకుంటాయి" అనే వాక్యం పేజీకోసారి కనిపిస్తుంది. సమన్వయం అనే మాటను లెక్కపెట్టడం మొదలుపెట్టి, అరవై దాటాక మానేశాను. రాత్రి రెండింటికి ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో మాత్రం ఎక్కడా లేదు. రాజుగారు ఇంటికో చెంబెడు పాలు రాత్రికి రాత్రి తొట్టిలో పోయమంటే తెల్లారేసరికి తొట్టి నిండా నీళ్ళున్న కథ అందరికీ తెలుసు. "హోల్ ఆఫ్ సొసైటీ", "సమాజమంతటి బాధ్యత" అని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఆ తొట్టే గుర్తొస్తుంది.

అసలు కరెంటుకూ దేశ భద్రతకూ ఏం సంబంధం అని మొదటి సమావేశంలో ఒక అధికారి అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆయనకు 2015 డిసెంబర్ 23 సంగతి చెప్పాను. ఆ రోజు ఉక్రెయిన్‌లో విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్లలోకి చొరబడినవాళ్ళు దూరం నుంచే బ్రేకర్లు, అంటే సరఫరాను కలిపే, తెంచే పెద్ద స్విచ్చులు, తెరిచి కరెంటు తెంచేశారు. దాదాపు 2,25,000 కనెక్షన్లకు కరెంటు పోయింది. అంతటితో ఆగకుండా ఫిర్యాదులు తీసుకునే కాల్ సెంటర్ మీదకు దొంగ కాల్స్ వదిలారు. జనం ఫోన్ చేసినా లైన్ దొరకకూడదని. కరెంటు కొన్ని గంటల్లోనే తిరిగొచ్చింది. సిబ్బంది బండ్లు వేసుకుని సబ్‌స్టేషన్లకు వెళ్ళి చేత్తో బ్రేకర్లు వేయగలిగారు కాబట్టి. చేత్తో వేయడం తెలిసినవాళ్ళు అప్పటికింకా ఉద్యోగంలో ఉన్నారన్నమాట. 2022లో యుద్ధం ముదిరి గ్రిడ్ మీదే క్షిపణులు పడ్డాక, ఆ శీతాకాలంలో అదే దేశం వెచ్చదనం, చార్జింగ్, ఇంటర్నెట్ దొరికే కేంద్రాలను వేల సంఖ్యలో తెరిచింది. వాటికి పెట్టిన పేరుకు అర్థం "అజేయ కేంద్రాలు". ఎక్కువ భాగం బడులు, ప్రభుత్వ భవనాలు, గుడారాలే. నేటో కూటమి 2016లో సభ్యదేశాలకు ఏడు కనీస అవసరాలు నిర్దేశించింది. ప్రభుత్వ పాలన ఆగకపోవడం, ఇంధనం, జనం కదలికలు, తిండీ నీరూ, ఒకేసారి వందలమంది గాయపడితే చూసుకునే వైద్యం, కమ్యూనికేషన్లు, రవాణా. ఈ ఏడింటిలో ఏ ఒక్కటీ సైన్యం ఒక్కటే నడిపేది కాదు. ఆ అధికారి తల ఊపి, "అయితే మా ట్రాన్స్‌ఫార్మర్ కూడా సరిహద్దే అంటారు" అన్నారు. నేను అంత పెద్ద మాట అనలేదు గానీ ఆయన మాట తర్వాత చాలాసార్లు వాడుకున్నాను.

సినారియోలో కావాలనే ఒకటి దాచాం. కరెంటు ఎందుకు పోయిందో మొదటి 24 గంటలు చెప్పలేదు. ప్రమాదమా, దాడా, లోపమా? ఏదైనా కావచ్చు. పాల్గొనేవాళ్ళకు ఇది నచ్చదు. కారణం తెలిస్తే అది ఏ శాఖ పనో తేలిపోతుంది, మిగతావాళ్ళు ఊపిరి పీల్చుకోవచ్చు. నిజంలో ఆ సౌకర్యం ఉండదు. 2025 ఏప్రిల్ 28 మధ్యాహ్నం 12:33కి స్పెయిన్, పోర్చుగల్ దేశాలు దాదాపు మొత్తం చీకట్లోకి పోయాయి. స్పెయిన్ వైపు ఐదు సెకన్లలో 15 గిగావాట్ల ఉత్పత్తి మాయమైంది. గంట తిరక్కముందే సైబర్ దాడి అని ప్రచారం మొదలైంది. సైబర్ దాడి ఆనవాళ్ళు లేవని, వోల్టేజీ అదుపు తప్పి ఒకదాని వెంట ఒకటి ప్లాంట్లు ట్రిప్ అయ్యాయని తేలడానికి వారాలు పట్టింది. ఆ రోజు సాయంత్రానికి అక్కడి జనానికి కావలసింది కారణం కాదు, బ్యాటరీ రేడియో. చాలా దుకాణాల్లో అవి అయిపోయాయి.

ట్యాంకర్ల యజమాని రావడం

రెండో విడత సమావేశానికి ఆ చీటీల్లోని పేరుగల మనిషిని పిలిచాం. పిలవడానికే మూడు వారాలు పట్టింది. "ప్రైవేటు కాంట్రాక్టర్‌ని భద్రతా సమావేశంలో ఎలా కూర్చోబెడతాం" అన్నది అభ్యంతరం. నాలుగు కీలక సంస్థల ప్రాణం ఎవరి చేతిలో ఉందో ఆయన తప్ప మిగతా అందరూ ఆ గదిలో ఉన్నారు.

ఆయన తన డ్రైవర్‌ని కూడా వెంట తెచ్చుకున్నారు. మంచి పని చేశారు. లెక్క చాలా సూటిగా చెప్పారు: బండ్లు ఆరు, డ్రైవర్లు నలుగురు, రాత్రిపూట పిలిస్తే వచ్చేది ఇద్దరు. నాలుగు కాంట్రాక్టుల్లోనూ "ఆరు గంటల్లో" అని సంతకం పెట్టింది నిజమే. నలుగురూ ఒకే రాత్రి ఫోన్ చేస్తారని ఆయనా అనుకోలేదు, వీళ్ళూ అనుకోలేదు.

"అలా ఒకేసారి వస్తే ముందు ఎవరికి పంపుతారు?" అని అడిగాను.

ఆయన కొంచెం మొహమాటపడ్డారు. "నిజం చెప్పమంటారా మేడమ్? బిల్లు టైముకి కట్టేవాళ్ళకి."

డేటా సెంటర్ ప్రతినిధి బల్ల మీదకు చూస్తూ ఉండిపోయారు. అందరికంటే ఆలస్యంగా కట్టేది ఆసుపత్రి. 140 పేజీల ప్రణాళికలో లేని ప్రాధాన్య క్రమం ట్యాంకర్ల యజమాని వసూళ్ళ పుస్తకంలో ఉంది. ఆయన్ని తప్పుపట్టలేం. ఎవరూ ఇంకో జాబితా ఇవ్వనప్పుడు వ్యాపారి తన జాబితానే వాడతాడు.

అప్పటిదాకా మాట్లాడని డ్రైవర్ అప్పుడు నోరు విప్పాడు. "అసలు కరెంటు లేకపోతే డిపోలో లోడింగ్ పంపు తిరగదు కదండీ. బండి నింపేదెలా?"

డీజిల్ డిపోలో జనరేటర్ లేదు. జనరేటర్లన్నిటికీ డీజిల్ పోసే చోట జనరేటర్ లేదు. ఇది రాస్తుంటే కూడా నవ్వొస్తోంది గానీ, ఆ రోజు ఆసుపత్రి సూపరింటెండెంట్ డాక్టర్ గారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. వాళ్ళ ట్యాంకులో కాగితం మీద 24 గంటల నిల్వ ఉంది. వాళ్ళ ఎలక్ట్రికల్ ఇంజినీర్ అక్కడే లెక్కేసి 13 అన్నాడు. ట్యాంకు కట్టించిననాటికి ఆసుపత్రిలో సీటీ స్కాన్ లేదు, రెండో ఆపరేషన్ థియేటర్ లేదు. లోడు పెరుగుతూ పోయింది, ట్యాంకు అక్కడే ఉంది.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే మాల్‌వేర్ (కంప్యూటర్లను పాడుచేసే ప్రోగ్రాం) డెన్మార్క్ షిప్పింగ్ సంస్థ మేర్స్క్ కంప్యూటర్లను దాదాపు మొత్తం తుడిచేసింది. పదిరోజుల్లో 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు కొత్తగా కట్టుకోవలసి వచ్చింది. కట్టడానికి పునాదిగా ఒక డొమైన్ కంట్రోలర్ (నెట్‌వర్క్‌లోకి ఎవరిని రానివ్వాలో చూసే సర్వర్) కాపీ కావాలి, ప్రపంచవ్యాప్తంగా ఒక్కటీ మిగల్లేదు. చివరికి ఘనాలో ఒకటి దొరికింది. దాడి జరిగిన సమయానికి అక్కడ కరెంటు లేక ఆ మిషన్ నెట్‌వర్క్‌లో లేదు, అందుకని బతికిపోయింది. కరెంటు పోవడం వల్ల ఒక పెద్ద కంపెనీ గట్టెక్కిన సంగతి మా ఎక్సర్‌సైజుల్లో ఎప్పుడు చెప్పినా నవ్వుతారు. తర్వాత ఎవరి బ్యాకప్ ఎక్కడుందని అడిగితే నవ్వు ఆగిపోతుంది.

డీజిల్ ప్రాధాన్య జాబితా మీద మూడు సమావేశాలు నడిచాయి. కష్టమైంది జాబితా కాదు. ఎవరి దగ్గర ఎంత నిల్వ ఉందో బయటపెట్టమంటే ఎవరూ ఒప్పుకోలేదు. డేటా సెంటర్‌కు పోటీ సంస్థల భయం, టెలికాం వాళ్ళకు లీగల్ విభాగం భయం, నీటి విభాగానికి ఆడిట్ భయం. ఎవరికి వారే యమునా తీరే. రెండో సమావేశం చివర్లో టెలికాం నుంచి వచ్చిన ఒక జూనియర్ ఇంజినీర్ అంది: "లీటర్లు ఎందుకండీ? గంటలు చెప్తే చాలు కదా." అంతే, ముడి విడిపోయింది. నాకు ఎంత డీజిల్ ఉందో చెప్పను, ఇంకా ఎన్ని గంటలు నడుస్తానో చెప్తాను. ఒక తెల్ల బోర్డు, నాలుగు అడ్డగీతలు, ఒక్కో సంస్థ ఎదురుగా మిగిలిన గంటలు. రెండు గంటలకోసారి మార్చాలి. పది కంటే తక్కువకు వస్తే ఎర్ర మార్కర్. ట్యాంకర్ ఎటు వెళ్ళాలో ఆ బోర్డు చూసి డ్యూటీ అధికారి నిర్ణయిస్తారు. ఆసుపత్రికి, ముఖ్యమైన టవర్ సైట్లకు ఒక మెట్టు పైన ప్రాధాన్యం. నా పదహారేళ్ళ అనుభవంలో ఇంత చవకైన పరిష్కారం ఇంకోటి లేదు, దాన్ని నేను కనిపెట్టలేదు కూడా.

ఫిన్లండ్‌లో ఈ పని దశాబ్దాలుగా అలవాటు. అక్కడ జాతీయ అత్యవసర సరఫరా సంస్థ చుట్టూ రంగాలవారీగా కంపెనీల బృందాలుంటాయి. బయట పోటీదార్లే, లోపల మాత్రం కలిసి కూర్చుని సరఫరా తెగిపోతే ఏం చేయాలో ఆలోచిస్తారు. 1961 నుంచి నడిచే జాతీయ రక్షణ కోర్సుల్లో సైనికాధికారులు, ఎంపీలు, కంపెనీ అధిపతులు, సంపాదకులు కొన్ని వారాలపాటు ఒకే తరగతిలో ఉంటారు. పాఠాలకంటే ఆ పరిచయాలే ఎక్కువ పనికొస్తాయని నా అభిప్రాయం. తెలిసిన మనిషి ఫోన్ అర్ధరాత్రి కూడా ఎత్తుతాం.

నీళ్ళలో విషం

20వ గంట దగ్గర ఒక ఇన్‌జెక్ట్, అంటే ఎక్సర్‌సైజ్ మధ్యలో మేం కల్పించి వదిలే కొత్త సంఘటన, వదిలాం. ఆడగొంతుతో నలభై సెకన్ల వాయిస్ మెసేజ్: "నీళ్ళ ట్యాంకులో ఏదో కలిపారంట, మా ఆయన అక్కడే పనిచేస్తాడు, పిల్లలకి ఆ నీళ్ళు పట్టకండి." వాట్సాప్‌లో తిరుగుతోందని చెప్పి, ఖండన ప్రకటన తయారుచేయమన్నాం. గడియారం పెట్టాం.

ప్రకటన వచ్చేసరికి గడియారంలో మూడు గంటల పది నిమిషాలు. నీటి నాణ్యత చూసే కెమిస్ట్ పదిహేను నిమిషాల్లో క్లోరిన్ రీడింగులు తెచ్చేసింది. మిగతా సమయమంతా సంతకాలకే పోయింది. ఐదు సంతకాలు, అందులో ఇద్దరు "ఈ మాట తీసేయండి" అన్నారు, ఒకరు తీసేసిన మాటను ఇంకొకరు మళ్ళీ పెట్టించారు. చివరికి బయటికొచ్చిన ప్రకటనలో "వదంతులు నమ్మవద్దు" అని ఉంది, క్లోరిన్ రీడింగు లేదు.

కొరత పుట్టించడానికి జనంలో భయం, వదంతి చాలు. 2021 మేలో అమెరికాలో కొలోనియల్ పైప్‌లైన్ సంస్థ కంప్యూటర్లకు రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రాం) పట్టింది, సంస్థ ముందుజాగ్రత్తగా పైప్‌లైన్ ఆపేసింది. తూర్పు తీరానికి వచ్చే ఇంధనంలో దాదాపు 45 శాతం అందులోనే వస్తుంది. ఆగింది కొద్ది రోజులే. కానీ జనం బంకుల మీద పడ్డారు. ప్లాస్టిక్ సంచుల్లో పెట్రోలు పట్టకండని ఒక ప్రభుత్వ సంస్థ బహిరంగంగా చెప్పవలసి వచ్చింది. స్వీడన్ ఈ సంగతి ముందే ఆలోచించింది. 2018లో 48 లక్షల ఇళ్ళకు పంపిన చిన్న పుస్తకంలో, మళ్ళీ 2024లో పంపిన కొత్త ముద్రణలో కూడా, యుద్ధం వస్తే "ప్రతిఘటన ఆపేయండి" అనే కబురు ఎక్కడినుంచి వచ్చినా అది అబద్ధమేనని ముందుగానే రాసేసింది. ఆ రోజు వచ్చాక నమ్మాలా వద్దా అని ఆలోచించే పని లేదు.

మేం చేసింది అంత పెద్దది కాదు. నీరు, కరెంటు, ఆసుపత్రి, బ్యాంకు, పిల్లలు తప్పిపోవడం మీద ముందే ఆమోదించిన పన్నెండు సందేశాలు. ఖాళీల్లో అంకెలు, సమయం నింపితే చాలు. ప్రతి సందేశం చివర ఒకే వాక్యం: "తర్వాతి సమాచారం ఇన్ని గంటలకు." ఈ వాక్యం కోసం నేను పట్టుబట్టాను. తర్వాతి కబురు ఎప్పుడొస్తుందో తెలిస్తే మనిషి ఆ గంటసేపు ఆగగలడు. టవర్ బ్యాటరీలు చాలాచోట్ల కొన్ని గంటలకు మించి రావు కాబట్టి, ఎస్సెమ్మెస్ మీదే ఆధారపడొద్దని కూడా తీర్మానించాం. రేడియో స్టేషన్, మైకు పెట్టిన బండ్లు, అపార్టుమెంట్ల నోటీసు బోర్డులు. రేడియో స్టేషన్ మేనేజరు మొదటి రోజు నుంచీ గదిలో ఉండడం వల్ల ఇది తేలికైంది. జర్నలిస్టులను పిలవాలా వద్దా అని మొదట వాదించినవాళ్ళలో నేనూ ఉన్నాను, వద్దనే వైపు. పొరపాటు నాదే.

వాలంటీర్ల లెక్క

ప్రణాళికలో 1,100 మంది వాలంటీర్లు ఉన్నారు. నాలుగు సంస్థల జాబితాలు కలిపితే వచ్చిన అంకె అది. మా బృందంలో ఒక కుర్రాడు రెండు రోజులు కూర్చుని ఫోన్ నంబర్ల ప్రకారం కలిపి చూశాడు. 640 మిగిలారు. ఒకే మనిషి ప్రథమ చికిత్స జాబితాలో, ఫైర్ సర్వీసు సహాయకుల జాబితాలో, కాలనీ సంఘం జాబితాలో ఉన్నాడు. ఆ 640లో కొంతమంది ఆసుపత్రి నర్సులు, నీటి విభాగం ఉద్యోగులు. అలాంటి రోజున వాళ్ళు వాళ్ళ డ్యూటీలోనే ఉంటారు. చీటీల సంగతే మళ్ళీ ఎదురైంది, ఈసారి డీజిల్ బదులు మనుషులు.

మిగిలినవాళ్ళను ఏం చేయాలి? యూనిఫాం, ఐడీ కార్డు అని కొందరన్నారు. నేను కోబె భూకంపం గురించి చెప్పాను. 1995 జనవరి 17 తెల్లవారుజామున ఆ జపాన్ నగరంలో శిథిలాల కింద చిక్కుకున్నవాళ్ళలో అత్యధికులను బయటికి లాగింది ఇంట్లోవాళ్ళు, ఇరుగుపొరుగు. ఎవరు ఏ గదిలో పడుకుంటారో పక్కింటివాళ్ళకు తెలుసు. ఇప్పటి బంగ్లాదేశ్‌లో 1970 తుఫానుకు కనీసం మూడు లక్షల మంది చనిపోయాక కట్టిన తుఫాను సన్నద్ధత వ్యవస్థ కూడా ఈ సూత్రం మీదే నడుస్తుంది. మైకు పట్టుకుని తలుపు తట్టేది ఆ ఊరి మనిషే. అందుకే జనం ఇల్లు వదిలి కదులుతారు.

అందుకని వాలంటీరు పనిని చిన్నది చేశాం. నగరం మొత్తానికి కాదు, తన భవనానికి, తన వీధికి. ఇంట్లో ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ మీద ఉన్నవాళ్ళెవరు, డయాలసిస్‌కు వెళ్ళేవాళ్ళెవరు, మెట్లు దిగలేనివాళ్ళెవరు? వీళ్ళ పేర్లతో ఒక కేంద్ర జాబితా తయారుచేద్దామని అధికారులన్నారు. ఆ జాబితా లీకైతే ఒంటరి వృద్ధుల చిరునామాలన్నీ దొంగల చేతికిచ్చినట్టే. కేంద్రానికి అంకె మాత్రం వెళ్తుంది, పేర్లు ఆ భవనంలోనే కాగితం మీద ఉంటాయి. దీని మీద నాకు ఇప్పటికీ పూర్తి నమ్మకం లేదు. కాగితం పట్టుకున్న మనిషి ఊళ్ళో లేకపోతే ఏంటని అడిగితే నా దగ్గర మంచి జవాబు లేదు.

తొమ్మిది నెలల తర్వాత

ఒక రాత్రి పదకొండు దాటాక ఒక సబ్‌స్టేషన్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ప్రమాదమే, దాడి కాదు. సగం నగరానికి 21 గంటలు కరెంటు లేదు. నేను అక్కడ లేను. వారం తర్వాత వెళ్ళి లాగ్ పుస్తకాలు చూశాను, అందరితో మాట్లాడాను.

బోర్డు పనిచేసింది. మొబైల్ నెట్‌వర్క్ ఐదో గంటకు చాలాచోట్ల చచ్చిపోయింది, అప్పటినుంచి గంటల లెక్కలు హామ్ రేడియో (సొంత వైర్‌లెస్ సెట్లతో మాట్లాడుకునే ఔత్సాహికుల) క్లబ్బు వాళ్ళ సెట్ల మీద వచ్చాయి. లాగ్‌లో ఆ చేతిరాత నాకు చాలా నచ్చింది: "03:10 ఆసుపత్రి 9, ఎర్ర." డిపోలో ఈలోపు చిన్న జనరేటర్ పెట్టించారు కాబట్టి పంపు తిరిగింది. ట్యాంకర్ మొదట ఆసుపత్రికే బయల్దేరింది.

బయల్దేరి ఆసుపత్రి వెనక గేటు దగ్గర నలభై నిమిషాలు ఆగింది. రాత్రి రిజిస్టర్లో ఆ బండి నంబరు లేదని సెక్యూరిటీ గార్డు లోపలికి పంపలేదు. ఫోన్లు లేవు. సూపరింటెండెంట్ గారు నిద్రపోకుండా లోపలే ఉన్నారు, ట్యాంకర్ ఇంకా రాలేదేమని ఎదురుచూస్తూ. గార్డు చేసింది తప్పు కాదు, ఆయనకిచ్చిన సూచన అదే. ఎక్సర్‌సైజుల్లో డాక్టర్లను కూర్చోబెట్టాం, ఇంజినీర్లను కూర్చోబెట్టాం, గేటు దగ్గర నిలబడే మనిషిని పిలవలేదు. ఇప్పుడు గేటు గదిలో గోడకు ఒక లామినేట్ చేసిన కాగితం ఉంది, ఆరు బండ్ల నంబర్లతో.

ఆ రాత్రి నిజంగానే ఒక వదంతి పుట్టింది. నీళ్ళ గురించి కాదు, బ్యాంకుల్లో డబ్బు పోతోందని. మా పన్నెండు సందేశాల్లో బ్యాంకుది ఉంది. ఇరవై ఐదు నిమిషాల్లో రేడియోలో చదివారు. ఎంతమంది విన్నారో లెక్క లేదు, పొద్దున ఏటీఎంల దగ్గర మాత్రం మామూలు కంటే పెద్ద వరసలేమీ లేవని బ్యాంకు వాళ్ళు చెప్పారు.

మందుల దుకాణాలు మా లెక్కలోనే లేవు. తెరిచి ఉన్నా అమ్మలేకపోయాయి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ లేదు, కార్డు మిషన్ లేదు, పాత చేతి బిల్లు పుస్తకం ఎప్పుడో తీసేశారు. ఒక దుకాణం ఆవిడ నోటుపుస్తకంలో పేరు, మందు రాసుకుని అప్పు మీద ఇచ్చింది. ఇన్సులిన్ ఉన్న ఫ్రిజ్ తలుపు తియ్యకుండా రాత్రంతా కాపలా కూర్చుంది. ఆమెను తర్వాతి ఎక్సర్‌సైజ్‌కు పిలిచాం. లిఫ్టులు బాగుచేసే కంపెనీ వాళ్ళను కూడా. ఆ రాత్రి మొదటి గంటలో వచ్చిన అత్యవసర కాల్స్‌లో పెద్ద భాగం లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్ళవే.

వాలంటీర్ల సంగతి సగం సగం. కొన్ని భవనాల్లో అద్భుతంగా పనిచేశారు. ఆక్సిజన్ మీద ఉన్న ఇద్దరిని మెట్ల మీదుగా కుర్చీలో మోసుకుని దింపి ఆసుపత్రికి చేర్చారు. కొన్ని భవనాల్లో కాగితం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియలేదు. నేను భయపడ్డదే జరిగింది.

ఇప్పుడు తేలనిది డబ్బు. రాత్రి పిలిస్తే రావడానికి ఇంకో ఇద్దరు డ్రైవర్లను సిద్ధంగా ఉంచాలంటే నెలనెలా జీతం ఇవ్వాలి. చాలా నెలలు వాళ్ళకు పని ఉండదు. ట్యాంకర్ల యజమాని సూటిగా అడిగారు: "ఊరికే కూర్చోబెట్టి జీతం నేనెందుకివ్వాలి?" ఫిన్లండ్‌లో అయితే కరెంటు మీద, ఇంధనం మీద వేసే చిన్న రుసుముతో అత్యవసర నిల్వల ఖర్చు నడుస్తుంది, అందరూ కొంచెం కొంచెం కడతారు. స్విట్జర్లండ్‌లో దిగుమతిదార్లు కొన్ని సరుకుల నిల్వ తప్పనిసరిగా ఉంచాలి, ఆ ఖర్చు ధరలో కలిసిపోతుంది. ఇక్కడ అలాంటి చట్టం లేదు కాబట్టి నాలుగు సంస్థలూ పంచుకోవాలని ఒక ఒప్పందం రాశాం. టెలికాం, డేటా సెంటర్, నీటి విభాగం సంతకం పెట్టాయి. ఆసుపత్రి ఫైలు ఆర్థిక విభాగంలో ఉంది, "ఈ పద్దు కింద ఖర్చు పెట్టడానికి వీలులేదు" అనే రాతతో రెండుసార్లు వెనక్కి వచ్చింది. పోయిన వారం మూడోసారి పంపారు. ఈలోగా యజమాని ఒక డ్రైవర్‌ను పెట్టుకున్నారు. రెండో అతనితో, కొంచెం ఆగమని చెప్పారట.